మూల ఎవరిది

నా కొడుకుని నేను తిడతాను గానీ ఇంకొకళ్ళు తిడితే ఊరుకోను. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఇవాళ తిట్టబోయేది మాత్రం వాడినే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఈ కాళ్ళ మీద సిమెంటు పడింది, ఇటుకలు పడ్డాయి, ఒకసారి పార కూడా పడింది. ఇదీ పడితే కొత్తగా పోయేదేమీ లేదు.

ఇది నా కోడలి సంగతి. అత్త నోటి నుంచి కోడలి గురించి మంచి మాట వస్తే వినేవాళ్ళకి ముందు అనుమానం వస్తుంది. మొన్న కుళాయి దగ్గర ఒకావిడ అననే అంది, "ఏమ్మా, కోడలు మందేమైనా పెట్టిందా?" అని. "మందెక్కడిది తల్లీ, దాన్నీ నన్నూ కలిపింది మాలు" అన్నాను. మాలంటే ఇసకా సిమెంటూ నీళ్ళూ కలిపిన ముద్ద. నేను పెళ్ళికి ముందు నుంచీ ఆ మాలు తట్ట మోస్తున్నా. మా ఆయన మేస్త్రి, ఆయనకి మోశాను. కొడుకు మేస్త్రి అయ్యాడు, వాడికీ మోశాను. నా నెత్తి మీద వెంట్రుకలు నెరిసి రాలలేదు, తట్ట కింద అరిగి రాలాయి.

మా పని సంగతి కొంచెం చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. సిమెంటు దిమ్మెలతో పునాది గోడ కట్టేటప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా కట్టుకుంటూ పోరు. ముందు మూలలు లేపుతారు. ప్రతి మూలలోనూ నాలుగైదు వరసలు మెట్లు మెట్లుగా లేపి, ఈ మూల నుంచి ఆ మూలకి దారం బిగిస్తారు. ఆ తర్వాత మిగతా మేస్త్రీలొచ్చి దారం వెంబడి దిమ్మెలు పేర్చుకుంటూ పోతారు. మధ్య గోడ ఎవడైనా కడతాడు. దారం ఎలా చెబితే అలా పెట్టడమే కదా. మూల లేపేవాడికి మాత్రం దారం ఉండదు, వాడి మూలే మిగతావాళ్ళకి దారం. మూల వెంట్రుకవాసి జరిగితే గోడ జరుగుతుంది, గోడ జరిగితే ఇల్లు జరుగుతుంది.

అందుకే మా వాళ్ళు ఏ సైటుకి వెళ్ళినా ముందు మూల దగ్గరికి పోతారు. ఒక కన్ను మూసి, కింద నుంచి పైదాకా గురి చూసి, "మూల ఎవరిది?" అని అడుగుతారు. ఇల్లెవరిదని అడగరు. మా ఆయన బతికినన్నాళ్ళూ ఆ ప్రశ్నకి "నాది" అని చెప్పుకుని బతికాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది, పెళ్ళిచూపుల్లో కూడా అంత ముద్దుగా మాట్లాడలేదు నాతో.

కోడలు మా ఇంటికొచ్చినప్పుడు అది ఎడమచేతి వాటమని మాకు తెలీదు. అన్నం కుడిచేత్తోనే తినేది, వాళ్ళమ్మ మొట్టి మొట్టి నేర్పిందట. మిగతా పనులన్నీ పుర్రచేత్తోనే. సైట్లో అందరూ దాన్ని పుర్రచెయ్యి అనే పిలుస్తారు. "ఏమీ అనవేంటే?" అంటే, "ఉన్న చెయ్యి పేరుతోనే కదా పిలుస్తున్నారత్తా, లేని తోక పేరుతో పిలిస్తే అప్పుడు చూద్దాం" అంది. నోరు లేనిదనుకునేరు. దాని నోటికి భయపడే పాలవాడు మా ఇంటి దగ్గర నీళ్ళు కలపడు.

మాది ఒకటే గది, వెనక రేకుల కింద వంటిల్లు. ఇద్దరు మేస్త్రీలున్న కొంప, పొయ్యి కింద మాత్రం ఏళ్ళ తరబడి పెంకు ముక్క. పొయ్యి గట్టు ఒక పక్కకి ఒరిగి, గిన్నె పెడితే పులుసంతా ఒక మూలకే చేరేది. అడిగితే తండ్రీ కొడుకులిద్దరూ రేపన్నారు, ఎల్లుండన్నారు. కోడలొచ్చిన కొత్తల్లో ఒక సెలవు రోజు విరిగిన దిమ్మెలు నాలుగు తెచ్చుకుని, మాలు కలుపుకుని, అన్నం గరిటెనే తాపీలా పట్టుకుని గట్టు తీసి మళ్ళీ కట్టేసింది. మా ఆయన అప్పటికే దగ్గుతో మంచం పట్టాడు. లేచొచ్చి గట్టు మీద గిన్నెలో నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు అంచులన్నిటికీ సమంగా నిలబడ్డాయి. ఏమీ అనకుండా మేకుకి తగిలించిన తన తాపీ తీసి దాని చేతిలో పెట్టాడు. ఆయన చేతిలో కుడివైపు అరిగిన తాపీ అది, తర్వాత దీని చేతిలో ఎడమవైపు అరిగింది. ఇప్పుడు చూస్తే రెండు పక్కలా సమంగా అరిగి ఆకులా ఉంటుంది.

పని నేర్పింది నా కొడుకే. అబద్ధం ఎందుకాడాలి, అప్పట్లో వాడు మంచి మేస్త్రే, మంచివాడే. మూల లేపుతూ దాని చేత దిమ్మెలు అందించుకునేవాడు, మధ్యలో "ఇది నువ్వు పెట్టు చూద్దాం" అనేవాడు. వంకరగా పెడితే నవ్వేవాడు, సరిగ్గా పెడితే ఇంకా ఎక్కువ నవ్వేవాడు. మొగుడూ పెళ్ళాలు మూల దగ్గర కూర్చుని గుసగుసలాడుకుంటుంటే నేను తట్ట దించి అటు తిరిగి నిలబడేదాన్ని.

ఆ తర్వాత వాడికి కంటికి తగిలింది. దిమ్మెని ఉలితో పగలగొడుతుంటే చిన్న పెచ్చు ఎగిరి కుడి కంట్లో పడింది. గురి చూసే కన్నే అది. రెండోది చిన్నప్పటి నుంచీ మసకే. ఆసుపత్రికి పదరా అంటే వినలేదు. "కన్ను పోయిన మేస్త్రంటే ఎవడు పనిస్తాడమ్మా" అన్నాడు. ఆ మాటతో నేనూ నోరు మూసుకున్నా, ఎందుకంటే అది నిజం. రసమట్టంలో బుడగ ఎక్కడుందో వాడికి కనపడదు. గోడ ఎటు పోవాలో నేల మీద గీసిన సున్నం గీతకి దిమ్మె ఎంత దూరంలో ఉందో కనపడదు. అప్పుడు కోడలే అంది, "మూలలు నేను లేపుతా, నువ్వు నిలబడు" అని.

అప్పటి నుంచి అదే పద్ధతి. మిగతా మేస్త్రీలు రాకముందే, ఇంకా మంచు వదలకముందే మేం ముగ్గురం సైటుకి చేరేవాళ్ళం. కోడలు మూలలు లేపేది. నేను మాలు తెచ్చి దాని ఎడమ పక్కన దించేదాన్ని, కుడి పక్కన పెట్టానంటే "అత్తా, నాకు చెయ్యి ఇటుంది" అనేది. వాడు అటూ ఇటూ తిరిగేవాడు. అందరూ వచ్చేసరికి కోడలు మూతికి గుడ్డ కట్టుకుని పార పట్టుకుని మాలు కలుపుతూ ఉండేది, వాడు మూల మీద చెయ్యి వేసి నిలబడి "లేపేశాను, దారం కట్టండి" అనేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఎవరైనా మూల ఎవరిదంటే, "నాది" అనేవాడు. మొదట్లో ఆ మాట కొంచెం మెల్లగా వచ్చేది. రాను రాను మీసం మీదకి చెయ్యి కూడా పోవడం మొదలైంది.

ఒళ్ళు మండేది నాకు. కోడలు మాత్రం, "కడుపు నిండుతోంది కదత్తా, పేరుతో కూర వండుకుంటామా" అనేది.

ఇలా ఉండగా నర్సమ్మ ఇల్లు వచ్చింది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు, ఉద్యోగం అయిపోయే ముందు సొంతానికి చిన్న ఇల్లు కట్టుకుంటోంది. ఇంటి పని గుత్తేదారుకి ఇచ్చింది, ఆయన పునాది పని మాకిచ్చాడు. స్థలం వెనక పక్క వాలుగా ఉంటుంది, అందుకని అటు పునాది గోడ ఎత్తుగా రావాలి. ముందు రెండు మూలలూ, వెనక ఒక మూలా లేచాయి. ఒకరోజు నర్సమ్మ డ్యూటీకి వెళ్తూ, తెల్ల బట్టల్లోనే భుజాన సంచీతో వచ్చి చూసింది. మూల మీద అరచెయ్యి పెట్టి, రోగి వెన్ను నిమిరినట్టు పైనుంచి కిందకి నిమిరింది.

"ఎంత నున్నగా ఉందయ్యా. ఎవరు కట్టారిది?" అంది.

"నాదేనమ్మా" అన్నాడు మావాడు. మీసం మీదకి చెయ్యి వెళ్ళింది.

కోడలు నీళ్ళ తొట్టి దగ్గర తాపీ కడుగుతోంది. కడగడం ఆపి, మూల మీదున్న నర్సమ్మ చెయ్యి వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ కడుక్కుంది. ఎన్నో ఇళ్ళ దగ్గర ఎందరో మేస్త్రీలు మెచ్చుకున్నారు, అప్పుడెప్పుడూ దాని మొహం అలా మారలేదు. ఒక ఆడమనిషి తన మూల మీద చెయ్యి వేసి నిమిరేసరికి దానికి ఎక్కడో తగిలినట్టుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక మొగుడికి నీళ్ళిస్తూ మామూలుగానే అడిగింది.

"నర్సమ్మ మళ్ళీ వస్తుంది. ఈసారి అడిగితే నాదని చెప్పు."

"ఏది నీది?"

"మూల."

"చెబితే ఏమొస్తుంది?"

"ఏమీ రాదు. నాది కాబట్టి నాదని చెప్పు."

వాడు చెంబు కింద పెట్టాడు. "పెళ్ళాం కట్టిన మూల పక్కన నిలబడి మేస్త్రినని తిరుగుతున్నానని నలుగురూ నవ్వరా?"

"తిరుగుతున్నావు కదా మరి" అంది కోడలు.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వేశాను. దానితో వాడికి ఎక్కడ లేని పౌరుషం వచ్చింది.

"నీ పుర్రచెయ్యి లేకపోతే ఇల్లు లేవదనుకుంటున్నావేమో. మిగిలిన ఆ మూల రేపు నేను లేపుతా. నువ్వు మాలు కలుపు, చాలు."

"కనపడుతుందా?" అంది కోడలు. ఎత్తిపొడుపు కాదది, నిజంగానే అడిగింది. అందుకే వాడికి ఇంకా లోతుగా గుచ్చుకుంది. ఆ పూట అన్నం కూడా అటు తిరిగి కూర్చుని తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాలు వైపున్న నాలుగో మూల దగ్గర వాడు తాపీ పట్టుకుని కూర్చున్నాడు. నేను మాలు తెచ్చి వాడి కుడి పక్కన దించాను. మొదటి దిమ్మె పెట్టాడు, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టాడు. దిమ్మె సున్నం గీత దాటి కూర్చుంది.

"ఒరేయ్, గీత చూడరా" అన్నాను.

"నువ్వు నీ తట్ట చూసుకో అమ్మా."

రెండో వరస, మూడో వరస. లేచేకొద్దీ బయటకి ఒరుగుతోంది. కోడలు మాలు కలపడం ఆపి, పార నేలకి ఆనించి చూస్తోంది. ఇక ఉండలేక దగ్గరికొచ్చి "ఆ రసమట్టం ఇటివ్వు" అంది. వాడు దాన్ని గుండెలకి హత్తుకున్నాడు, ఎవరో పసిబిడ్డని లాక్కుపోతున్నట్టు. "ముట్టుకున్నావంటే బాగుండదు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అది వెనక్కి పోయి మాలు కలుపుకుంది. ఆ రోజు మాలు మాత్రం ఎంత బాగా కలిపిందో చెప్పలేను, కోపమంతా పార మీద తీర్చుకుంది.

తర్వాత పొట్టి మేస్త్రి వచ్చాడు. నాకు మరిది వరస, మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. దారం బిగించి, ఒక కన్ను మూసి గురి చూసి, తల గోక్కున్నాడు. మాట మాత్రం ఎత్తలేదు. మా పనిలో అదొక దిక్కుమాలిన మర్యాద. మేస్త్రి లేపిన మూలని పక్క మేస్త్రి తప్పు పట్టకూడదు. దారం ఎటు పోతే అటు కట్టుకుంటూ పోవాలి. ఆ మర్యాదతోనే అటో గోడ, ఇటో గోడ, రెండూ వంకర మూలకి వంకరగా వచ్చి కలిశాయి. అందరూ మర్యాదస్తులే, ఇల్లు ఒక్కటే అమర్యాదగా నిలబడింది.

ఆ మరుసటి రోజు గుత్తేదారు టేపు పట్టుకుని వచ్చాడు. పునాదిలో మట్టి పొయ్యకముందు ఐమూల కొలవడం ఆయనకి అలవాటు. ఈ మూల నుంచి ఎదురు మూలకి ఒకసారి, ఆ మూల నుంచి దాని ఎదురు మూలకి ఒకసారి కొలుస్తారు. రెండూ ఒకటే రావాలి. నర్సమ్మ కూడా ఉంది, తన ఇల్లు కదా, సరదాపడి టేపు చివర తనే పట్టుకుంది. రెండు కొలతలకీ బెత్తెడు తేడా వచ్చింది. గుత్తేదారు మళ్ళీ కొలిచాడు. బెత్తెడు బెత్తెడులాగే ఉంది.

ఆయన తిన్నగా నాలుగో మూల దగ్గరికి పోయాడు. దారానికి గుండు కట్టి పైనుంచి వదిలాడు. గుండు గోడకి దూరంగా వేలాడింది.

"ఈ మూల ఎవరిది?" అన్నాడు.

నా కొడుకు అటు చూశాడు, ఇటు చూశాడు. నా వంక మాత్రం చూడలేదు. ఆ తర్వాత నోరు తెరిచి ఇలా అన్నాడు.

"మా ఆవిడ చెయ్యి పెట్టిందండీ."

విన్నారా. ఎన్ని ఇళ్ళు, ఎన్ని మూలలు, అన్నీ దాని చేతి మీదుగా లేచాయి. ఒక్కదానికి దాని పేరు చెప్పడానికి వీడికి నోరు రాలేదు. పని కాదు, పైసా కాదు, ఒక్క మాట అడిగింది అది. ఇవ్వలేదు. అది ముట్టుకోని మూల ఒకే ఒక్కటుంటే, వంకరది, దానికి మాత్రం పిలిచి మరీ పేరు పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు ఎవరో, ఆ మద్దెలకి ప్రాణం లేదు కాబట్టి సరిపోయింది. వీడు నిందేసింది వీడి కన్నుకి బదులు కన్నైనదాని మీద. వీణ్ణా నేను నా పొట్టలో మోసింది అనిపించింది. వీడికి బదులు తట్టలో మాలు మోసినా గట్టిపడి ఎవరికో గోడయ్యేది.

గుత్తేదారు అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. "పుర్రచేత్తో పునాది ముట్టుకోనిస్తావా? నీకు బుద్ధుందా?" అని వాణ్ణి తిట్టి, కోడలి వైపు తిరిగాడు. "ఏమ్మా, రేపటి నుంచి నా సైట్లలో ఎక్కడా కనపడొద్దు. పార పట్టుకోవడానిక్కూడా రావొద్దు. మిగతా వాళ్ళకీ చెబుతాను, ఎవడూ నిన్ను పనిలో పెట్టుకోడు."

మా పేటలో పనులన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. ఆయన వద్దన్నాక ఇక దానికి తాపీ పట్టే పని ఎక్కడా ఉండదు. ఇంట్లో గట్లు కట్టుకోవడమే.

కోడలు మొగుడి వంక చూసింది. ఒక్క మాట చాలు. "ఆయనకి కన్ను కనపడదు" అంటే అయిపోయేది. పాలవాణ్ణి గడగడలాడించే నోరు, ఆ రోజు బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు ఊరుకుంది. పార గోడకి ఆనించి, తాపీ తీసుకుని, గుడ్డలో చుట్టుకుంటోంది. ఎందుకు ఊరుకుందో నాకు అర్థమైంది. కన్ను సంగతి బయట పడితే వాడికి పని పోతుంది. వాడు దీన్ని గోతిలోకి తోస్తుంటే, వాడి కాలు జారకుండా ఇది చూసుకుంటోంది. అది చూశాక నా కోపం రెండింతలైంది. వాడి మీద ఎంతో దాని మీదా అంతే. అంత మంచితనం ఎవడడిగాడే నిన్ను?

నేను తట్ట కింద పెట్టేశాను.

"బాబూ, ఆ మూల నా కొడుకుది" అన్నాను.

గుత్తేదారు నవ్వాడు. "కోడల్ని కాపాడే అత్తని ఇప్పుడే చూస్తున్నా. పెద్దమ్మా, నువ్వు పక్కకి జరుగు. కన్నకొడుకు అబద్ధం చెబుతాడా?"

"కన్నదాన్ని నేను. చెబుతాడో లేదో నాకు తెలీదా? నా మాట వద్దులే. కింద నేల చూడు."

ఎవరికీ అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినట్టు అందర్నీ మొదటి మూల దగ్గరికి తీసుకెళ్ళాను. మేస్త్రి మూలకి ఎదురుగా కూర్చుని, పక్కనున్న తట్టలోంచి తాపీతో మాలు తీసి గోడ మీద వేస్తాడు. తీసిన ప్రతిసారీ కొంచెం కింద రాలుతుంది. మర్నాటికి అది నేలకి అతుక్కుని గట్టిపడి, పెచ్చు కట్టేస్తుంది. తట్ట ఏ పక్కన ఉంటే రాలిందంతా ఆ పక్కనే. మొదటి మూల దగ్గర అదంతా ఎడమ పక్కన ఉంది. రెండో మూల దగ్గరా ఎడమ పక్కనే. మూడో దాని దగ్గరా అంతే. నాలుగో మూల దగ్గర, ఆ వంకర మూల దగ్గర, మాలంతా కుడి పక్కన రాలి ఉంది. ఎడమ పక్కన నేల శుభ్రంగా ఉంది, బొట్టు లేదు.

"తట్టలు దించింది నేను" అన్నాను. "కుడిచేతివాడికి కుడి పక్కన, ఎడమచేతిదానికి ఎడమ పక్కన. ఇప్పుడు చెప్పు, పుర్రచెయ్యి కట్టినవి ఏవో, కట్టనిది ఏదో."

పొట్టి మేస్త్రి గొంతుక్కూర్చుని ఆ పెచ్చుని గోటితో గీకి చూశాడు. ఇంతసేపూ మర్యాద పట్టుకుని కూర్చున్న మనిషి, లేచి బట్టలు దులుపుకున్నాడు.

"వదిన చెప్పింది నిజమేనండీ" అన్నాడు. "నాకు పాత ఇళ్ళ నుంచే అనుమానం. పొద్దున్నే అంత చక్కటి మూల లేపే మేస్త్రి మధ్యాహ్నం గోడ దగ్గరికి రాడేంటా అని."

అందరూ నా కొడుకు వైపు తిరిగారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గుత్తేదారు వాడి మీద పడ్డాడు. "ఏరా, ఇంతకాలం చేసినవాడివి, నువ్వెందుకు వంకర కట్టావు? తాగొచ్చావా?"

వాడు తాగడు. చుట్ట కూడా ముట్టుకోడు. తాగుబోతనిపించుకోవడానికైనా సిద్ధపడినట్టున్నాడు, నోరు విప్పలేదు. నా నోట్లో మాట ఆగలేదు.

"వాడికి కన్ను కనపడదు బాబూ."

"అత్తా" అంది కోడలు వెనక నుంచి. ఆ ఒక్క పిలుపులో నన్ను ఎంత తిట్టిందో నాకు తెలుసు.

నర్సమ్మ టేపు కింద పడేసి వాడి దగ్గరికొచ్చింది. గడ్డం పట్టుకుని మొహం ఎత్తి, ఎడమ కన్ను అరచేత్తో మూసి, "నా రెండో చెయ్యి ఎక్కడుంది?" అని అడిగింది. వాడు పైన అన్నాడు. ఆవిడ చెయ్యి కింద ఉంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ తప్పే చెప్పాడు.

"ఎన్నాళ్ళయింది?"

"చాలా కాలమైందమ్మా. చెబితే పని పోతుందని." నేను కన్నతల్లినే. అయినా ఆ పూట వాడి మీద జాలి పడదలచుకోలేదు. నీ పని పోకూడదు, దాని పని పోతే ఫర్వాలేదా?

"రేపు ఆసుపత్రికి రా. నేను డాక్టరు గారికి చూపిస్తా" అంది నర్సమ్మ. తర్వాత గుత్తేదారుతో, "ఈ మూలా, దానికి అంటిన వంకర గోడలూ పడగొట్టి మళ్ళీ కట్టించండి" అంది.

గుత్తేదారు పొట్టి మేస్త్రిని మూల లేపమన్నాడు. పొట్టి మేస్త్రి చేతులు అడ్డంగా ఊపాడు. "మధ్య గోడ ఎంతైనా కడతా. ఆ మూడింటికీ జతగా మూల లేపడం నా వల్ల కాదండీ." గుత్తేదారు నేల వైపు చూశాడు, టేపు వైపు చూశాడు, కోడలి వైపు మాత్రం చూడకుండా, "సరే, ఎవరో ఒకరు కానివ్వండి, ఇంటావిడ మీద ఎండ పడుతోంది" అన్నాడు. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆయన వంశంలో ఎవరూ చెప్పి ఉండరు.

కోడలు గుడ్డ విప్పి తాపీ బయటకి తీసింది. ముందు నా దగ్గరికొచ్చింది. "కన్ను సంగతి నిన్నెవరు చెప్పమన్నారు?" అంది పళ్ళ మధ్య నుంచి.

"నీ నోరు ఏ చెరువులో పారేసుకున్నావని నువ్వు నన్నడుగుతున్నావే?" అన్నాను. ఇద్దరం కాసేపు ఒకళ్ళనొకళ్ళు మింగేసేలా చూసుకున్నాం. తర్వాత అది సుత్తి తీసుకుని వంకర మూల మీద మొదటి దెబ్బ వేసింది. మొగుడికి పడాల్సిన దెబ్బలన్నీ దిమ్మెలకి పడ్డాయి.

అది పట్టపగలు మూల లేపడం అదే మొదటిసారి. మూతికి గుడ్డ లేదు. అందరూ చుట్టూ నిలబడ్డారు. నా కొడుక్కి ఎక్కడ నిలబడాలో తెలీలేదు, ఎప్పుడూ నిలబడే చోటు మూల పక్కనే కదా. నేను ఖాళీ తట్ట తెచ్చి వాడి కాళ్ళ ముందు పెట్టాను.

"మీ నాన్నకి మోశాను, నీకు మోశాను. నా నడుం పోయింది. ఇక నువ్వు మొయ్యి" అన్నాను.

వాడు తట్ట వైపు చాలాసేపు చూశాడు. తీసుకున్నాడు. మాలు నింపి, భుజాన పెట్టుకుని వచ్చి, అలవాటు కొద్దీ దాని కుడి పక్కన దించాడు.

"ఎడమ పక్క" అంది కోడలు, తల ఎత్తకుండానే.

వాడు తట్ట జరిపాడు.

నేను దిమ్మెల కుప్ప మీద కూర్చున్నా. సైట్లో పని జరుగుతుంటే నేను కూర్చోవడం అదే మొదలు. మూడో వరస నడుస్తుండగా పక్క సైటు మేస్త్రి ఒకడు నీళ్ళ కోసం బిందె పట్టుకుని వచ్చాడు. జరిగిందేమీ తెలియని మనిషి. అలవాటు ప్రకారం మూల దగ్గర ఆగి, ఒక కన్ను మూసి కింద నుంచి పైదాకా గురి చూశాడు. మెచ్చుకోలుగా తల ఊపి, భుజాన తట్టతో వస్తున్న మా వాడిని చూసి అడిగాడు.

"మూల ఎవరిది?"

నా కొడుకు ఆగాడు. నోరు తెరిచాడు. వాడు ఏం చెప్పేవాడో నాకు ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే కోడలు ఆగలేదు.

"నాది" అంది, దిమ్మెని తాపీ పిడితో తట్టుకుంటూ. "కొంచెం పక్కకి జరుగన్నా, వెలుగుకి అడ్డొస్తున్నావు."

ఆ మేస్త్రి బిందె పట్టుకుని పక్కకి జరిగాడు.